లచ్చన్న అప్పీలు

శుక్రవారం పొద్దున బహ్రెయిన్‌లోని బుసైతీన్ ఇసుక మైదానాల్లో ఒకే వేళకు ఆరేడు క్రికెట్ మ్యాచ్‌లు నడుస్తుంటాయి. ఒక ఆటలో బౌండరీ దగ్గర నిలబడ్డవాడు రెండడుగులు వెనక్కి వేస్తే పక్క ఆటలో ఫీల్డర్‌కు వీపు తగులుతుంది. నడుమ సిమెంటు పిచ్, దాని మీద పరిచిన చాప తప్ప మిగతాదంతా ఇసుకే. ఆడేది టెన్నిస్ బంతితో. కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపును దాని చుట్టూ బిగించి చుడతారు. అందువల్ల బంతి బరువెక్కి, గాలికి కొట్టుకుపోకుండా నిలుస్తుంది. గంటకోసారి మైదానం మీదుగా విమానం దిగుతుంది. అది దాటిపోయేదాకా ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఆట మాత్రం ఆగదు.

ఏసీలు బిగించి, బాగుచేసే ఒక కంపెనీకి అక్కడ పాత టీం ఉంది. చొక్కా వీపున ఏసీ బొమ్మ ఉంటుంది గనుక దాన్ని అందరూ ఏసీ టీం అంటారు. కంపెనీలో ఇంజనీర్లు మారారు. వీసాలిచ్చే యజమాని, కఫీల్, ముసలివాడై వ్యాపారం కొడుకు చేతికిచ్చాడు. పేరున్న బ్యాట్స్‌మెన్ ఎందరో వచ్చారు, వీసా అయిపోయి ఖలాస్ అనిపించుకొని వెళ్లారు. వికెట్ల వెనక మాత్రం పంతొమ్మిదేళ్లుగా ఒక్కడే ఉన్నాడు. అతనిది మెట్‌పల్లి పక్క పల్లె. పేరు లచ్చన్న.

ఆ లీగులో ఎవరికీ పైసా రాదు. గెలిస్తే కప్పు, ఓడితే వేడి వేడి తిట్లు. అయినా లచ్చన్నది ఒక విధంగా జీతానికి ఆడిన ఆటే. దానికి కారణం ఫోర్‌మన్ షంషుద్దీన్ పెట్టిన ఆచారం. షంషుద్దీన్‌ది కోరుట్ల. టీంను కూర్చినవాడు, ఒకప్పటి కెప్టెన్, మోకాలు పోయాక మేనేజర్. కీపర్‌కు వేళ్లే ఆస్తి అని అతని లెక్క. ఏసీ పని వేళ్లకు శత్రువు. రేకు అంచులు కోస్తాయి, రాగి గొట్టాలు కాలుస్తాయి, కంప్రెసర్ దించేటప్పుడు చెయ్యి నలుగుతుంది. గురువారం వేలు తెగితే శుక్రవారం కీపర్ లేడు. అందుకని టీంలో ఎవడు కీపరో వాడికి మీనా సల్మాన్ రేవు దగ్గరి గోదాం డ్యూటీ. బౌలర్లు, బ్యాట్స్‌మెన్ అందరిలాగే ఏసీలు బిగించడానికి అమ్వాజ్ మేడల మీదికి ఎక్కాల్సిందే. కీపర్ మాత్రం గోదాంలో కుర్చీ వేసుకొని ఫిల్టర్లు, గ్యాస్ సిలిండర్లు, గొట్టపు చుట్టలు వచ్చేవి చూసుకుంటూ, పోయేవి పంపుకుంటూ ఉంటాడు. లోపల చల్లగా ఉంటుంది. రెండు పూటలా చాయ్ వస్తుంది.

క్యాంపులో దీన్ని ఆట వీసా అనేవాళ్లు.

"మాకు చెమటలు, నీకు చప్పట్లారా లచ్చన్నా?" అని మెస్సులో గంజి వంచుతూ ఎవడో ఒకడు అంటూనే ఉండేవాడు.

"నువ్వు గూడ వికెట్ల ఎనక కూసో, ఎవలొద్దన్నరు? మొదటి బంతికే మూతి పండ్లు రాల్తయ్," అనేవాడు లచ్చన్న.

అతను ఆ కుర్చీలోకి వచ్చిన తీరు కూడా పెద్ద కథేమీ కాదు. ఇరవై మూడేళ్లప్పుడు హెల్పర్ వీసా మీద బహ్రెయిన్ దిగాడు. ఊళ్లో మాత్రం దుబాయి పోయాడనే అన్నారు. అప్పుడు అమ్వాజ్ ఇంకా సముద్రంలో పోసిన మట్టి దిబ్బలు, వాటి మీద సగం లేచిన గోడలు. ఆ గోడల మీద ఆరు నెలలు సామాన్ మోశాడు. ఒక శుక్రవారం ఆట చూడడానికి వెళ్తే ఏసీ టీం కీపర్ ముసలయ్యకు బొటనవేలు విరిగింది. పేరు ముసలయ్యే గానీ మనిషికి నలభై కూడా లేవు. "కీపింగ్ ఎవనికన్న ఒస్తదా?" అని షంషుద్దీన్ అరిస్తే లచ్చన్న చెయ్యెత్తాడు. బడిలో అందరూ బ్యాటింగ్‌కు ఎగబడేవాళ్లు గనుక మిగిలిన పని అతనికి అలవాటైంది. ఆ రోజు రెండు క్యాచ్‌లు, ఒక స్టంపింగ్. మరుసటి వారం గోదాం తాళాలు అతని మొలతాడుకు చేరాయి. ముసలయ్య వేలు అతుక్కున్నాక అమ్వాజ్ వెళ్లాడు, ఏడాది తిరగక ముందే ఇంటికి వెళ్లిపోయాడు. లచ్చన్న అప్పుడు దాని గురించి ఏమీ ఆలోచించలేదు. ఇరవై మూడేళ్లవాడికి ఆలోచించాలనిపించలేదు.

తర్వాతి ఏళ్లలో మైదానంలో అతని పేరు కన్నా గొంతు ఎక్కువ పాకింది. బంతి బ్యాటును రాసినా రాయకపోయినా రెండు చేతులూ ఆకాశానికి లేపి అతను వేసే "హౌజాట్!" అనే కేక పక్క మ్యాచ్‌లవాళ్లను కూడా ఉలిక్కిపడేలా చేసేది. అయితే నిజంగా రాసిందో లేదో అతని చెవికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. టేపు బంతి బ్యాటు అంచుకు తగిలితే వచ్చే చప్పుడు అట్టపెట్టెను గోరుతో మీటినంత. రాత్రంతా బిడ్డ పక్కన పడుకున్న తల్లికి ఊపిరిలో చిన్న తేడా కూడా నిద్రలోనే తెలిసిపోతుంది. అతనిదీ అలాంటి వినికిడే.

ఒక సూపర్‌మార్కెట్ టీంవాళ్లు వ్యాన్ డ్రైవర్ ఉద్యోగం ఇస్తామని రెండుసార్లు పిలిచారు. లచ్చన్న వెళ్లలేదు. షంషుద్దీన్ అందరికీ దాన్ని విశ్వాసం కింద చెప్పుకున్నాడు. అసలు సంగతి, వాళ్లు తోలుబంతితో ఆడతారు. రాయిలాంటి ఆ బంతిని ఒకసారి పట్టి చూసి, చేతిలోంచి జారవిడిచి, "నా వల్ల గాదు భాయ్," అని వచ్చేశాడు. ఆ మాట టీంలో ఎవరికీ చెప్పలేదు. విశ్వాసం అన్న పేరు ఊరికే వస్తుంటే వద్దనడం ఎందుకు?

నలభై దాటాక మోకాళ్లు మాట వినడం మానేశాయి. కూర్చుంటే లేవడం, లేస్తే కూర్చోవడం కష్టమైంది. కాళ్ల సందున బంతులు పోవడం మొదలైంది. ఎడమచేతి చిటికెన వేలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. చెవి మాత్రం అలాగే ఉంది.

అప్పుడే ముబషిర్ వచ్చాడు. నిజామాబాద్ కుర్రాడు, ఇరవై నాలుగేళ్లు. పగలు అమ్వాజ్‌లో హెల్పర్. బ్యాటింగ్ బాగా చేస్తాడు. ప్రాక్టీసులో సరదాకు వికెట్ల వెనక నిలబడ్డా పిల్లిలాగా కదులుతాడు. షంషుద్దీన్ ఒక సాయంత్రం గోదాంకు వచ్చి, సిలిండర్ మీద కూర్చొని, చాయ్ సగం తాగాక అన్నాడు.

"పోరని చేతులు చూసినవా?"

"చూసిన."

"సెమీఫైనల్ల నువ్వే కీపింగ్ చెయ్. ఆ ఆట చూసినంక మాట్లాడుకుందాం."

"ఏం మాట్లాడుకునుడు భాయ్? మోకాళ్ల సంగతి నాకెర్కలేదా? ఇంకో రెండేండ్లు ఆగుతవేమో అనుకున్న. బిడ్డ నర్సింగ్ చదువు అయిపోతుండె."

"నేను కప్పు గురించి జెప్తున్న, నువ్వు బిడ్డ గురించి జెప్తున్నవ్."

"నీకు బిడ్డలు లేరా?"

షంషుద్దీన్ మిగతా చాయ్ తాగి లేచాడు. "ఉన్నరు. అందుకే ఇయ్యాల్నే ఖలాస్ అనలే. ఆట చూసినంక అన్న."

ఆ వారం లచ్చన్న భార్య స్వర్ణతో ఫోన్‌లో మాట్లాడాడు గానీ ఈ సంగతి ఎత్తలేదు. నలభై రెండేళ్లకు మళ్లీ మేడ మీదికి ఎక్కడమంటే ఏమిటో ఆమెకు వివరించాలంటే ముందు తనకు తాను వివరించుకోవాలి. జూన్ నెలలో పొద్దున తొమ్మిదికే రేకులు పెనంలా కాలతాయి. ఆరు నెలలకే ఒళ్లు ఎలా అయిందో అతనికి గుర్తుంది, అప్పటి ఒళ్లు వేరని కూడా గుర్తుంది. ఏసీ టీంకు కీపర్‌గా ఉన్నన్నాళ్లు గోదాం ఉంటుంది. లేకపోతే లేదు. ఇంతకన్నా విడమరచడానికి ఏమీ లేదు.

సెమీఫైనల్ ఒక బేకరీ టీంతో. వాళ్ల కీపర్ గంగరాజు, రాజోలు వైపు మనిషి. లచ్చన్నకు పాత పోటీదారు. ఎదురుపడితే ఇద్దరూ ఒకరి వేళ్లు ఒకరు చూసుకొనేవాళ్లు.

ముందు బేకరీవాళ్లు బ్యాటింగ్ చేశారు. లచ్చన్న ఒక క్యాచ్ పట్టాడు, ఒకటి వదిలాడు. రెండుసార్లు కాళ్ల సందున బంతి బౌండరీకి పోయింది. వెనక్కి తిరిగి చూడకుండానే షంషుద్దీన్ ముఖం ఎలా ఉందో అతనికి తెలుసు.

ఆ మైదానాల్లో బయటి అంపైర్లుండరు. బ్యాటింగ్ చేసే జట్టులోనే, వంతు రావడానికి ఇంకా చాలాసేపున్నవాళ్లు ఇద్దరు వచ్చి అంపైర్లుగా నిలబడతారు. దీనికో మర్యాద ఉంది. స్టంపులు పడితే అవుట్, గాల్లో క్యాచ్ పడితే అవుట్. బ్యాటు అంచుకు తగిలి కీపర్ చేతిలో పడితే మాత్రం తన జట్టువాడికి ఎవడూ వేలెత్తడు. వినపడలేదంటాడు, విమానం వచ్చిందంటాడు. అవతలివాళ్లు నాలుగు మాటలంటారు, తమ వంతు వచ్చినప్పుడు వాళ్లూ అదే చేస్తారు. ఈ మర్యాద వల్ల ఎక్కువ నష్టపోయేది కీపర్లే. లచ్చన్న పట్టిన క్యాచ్‌లలో మంచివన్నీ అలాగే గాలికి పోయాయి. తాను అంపైరింగ్ చేసినప్పుడల్లా అతను పక్కన, రనౌట్లు చూసేచోట నిలబడేవాడు. ఆ రోజు షంషుద్దీన్ అతన్ని బ్యాటింగ్‌లో చిట్టచివరికి దించాడు. దాంతో చాలాసేపు ఖాళీ దొరికి, బౌలర్ వైపు, అప్పీళ్లకు తీర్పు చెప్పేచోట, నిలబడాల్సి వచ్చింది.

ముబషిర్ ఆ రోజు ఆడిన తీరు చూసి పక్క మ్యాచ్‌లో ఫీల్డర్లు కూడా ఇటు తిరిగారు. మిగతావాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే అతనొక్కడే నిలబడ్డాడు. ఇంకో నాలుగు దెబ్బలు పడితే గెలుపు. బౌండరీ పక్క డేరాలో ఏసీ టీంవాళ్లు లేచి నిలబడ్డారు. ఆ నాలుగు దెబ్బలూ పడితే గోదాం ఎవరిదో మాట్లాడుకోనక్కర్లేదని లచ్చన్నకు తెలుసు. తెలిసే, టోపీ కిందికి లాక్కొని, బౌలర్ కాలు గీత దాటుతుందేమో చూస్తూ నిలబడ్డాడు.

బంతి ఆఫ్ స్టంప్‌కు దూరంగా పడింది. ముబషిర్ వంగి కొట్టబోయాడు. అప్పుడే విమానం దాటిపోయి మైదానం నిశ్శబ్దంగా ఉంది. అట్టపెట్టె మీద గోటి చప్పుడు. గంగరాజు కుడివైపుకు దూకి, నేలకు జానెడు ఎత్తులో బంతి అందుకున్నాడు.

"హౌజాట్!"

రెండు గొంతులు. ఒకటి వికెట్ల వెనక నుంచి, రెండోది బౌలర్ వెనక నుంచి. రెండోదే ముందు వచ్చింది, రెండోదే గట్టిగా వచ్చింది. అడగడానికి నోరు తెరిచి వెనక్కి తిరిగిన బౌలర్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. అంపైర్ లచ్చన్న మోకాళ్లు వంచి, రెండు చేతులూ ఆకాశానికి లేపి, మెడనరాలు ఉబ్బి నిలబడి ఉన్నాడు.

అందరికన్నా ముందు తేరుకున్నది గంగరాజు. బంతి చేతిలోనే పట్టుకొని నడిచి వచ్చాడు.

"ఏవండీ లచ్చన్నగారూ! మీరు మా టీంలో ఎప్పుడు చేరేరండీ? ముందే చెబితే చొక్కా కుట్టించేవోణ్ణి కదండీ!"

బేకరీవాళ్లు నవ్వి నవ్వి ఇసుకలో కూలబడ్డారు. డేరాలోంచి షంషుద్దీన్ అరిచాడు. "ఓ లచ్చన్నా! ఎవని దిక్కున్నవ్‌రా నువ్వు?"

ముబషిర్ కదల్లేదు. "అన్నా?" అన్నాడు.

తానే అడిగి, తానే కాదనడం ఎలాగో లచ్చన్నకు తోచలేదు. ఒక చెయ్యి దించాడు. రెండోది దించబోతే అందులో ఒక వేలు నిలబడి ఉంది.

"పో ముబషిర్," అన్నాడు.

ఏసీ టీం కొద్దిలో ఓడిపోయింది. చివరి బ్యాట్స్‌మన్‌గా లచ్చన్న దిగనే లేదు. అతని అవసరం రాకముందే ఓవర్లు అయిపోయాయి.

తిరిగి వచ్చేటప్పుడు పికప్ ముహర్రక్ వంతెన దాటింది. ముందు సీట్లోంచి షంషుద్దీన్ వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"నువ్వు ఇంకోసారి అడిగితే రెండేండ్లు ఆగేటోన్నేమోరా. గిట్ల జేస్తవనుకోలే."

"కావాల్నని జెయ్యలే భాయ్. నోట్లకెళ్లి అదే ఒచ్చింది."

"అదే ఒస్తదా? ఇన్నేండ్లల్ల మనోడు మనోని మీద అప్పీల్ జేసుడు ఎప్పుడన్న చూసినవా?"

"చూడలే."

"నేన్గూడ చూడలే. ఇయ్యాల చూసిన."

వెనక ఎవడో కిసుక్కున నవ్వి, నవ్వును దగ్గులోకి మార్చాడు.

చెవిన పడ్డ చప్పుడును పోల్చుకొని, ఆలోచించి, ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి మనిషికి కొంత వ్యవధి కావాలి. వేలసార్లు చేసిన పనికి అంత వ్యవధి అక్కర్లేదు. మధ్యలో ఆలోచన ఉండదు, చప్పుడు నేరుగా గొంతులోకి వెళ్తుంది. లచ్చన్న విషయంలో జరిగింది ఇదే అయ్యుండాలి. అతనూ అలాగే అనుకున్నాడు. కానీ గోదాం పోతుందని తెలిసిన మనిషి కూడా ఆ చొక్కాలోనే ఉన్నాడు గదా. ఆ ఓవరంతా ముబషిర్ కొట్టే ప్రతి దెబ్బకూ ఇంకెన్ని మిగిలాయో లెక్కపెట్టుకోవడం అతనికి గుర్తుంది. కేక చెవిలోంచి వచ్చిందా, కడుపులోంచి వచ్చిందా? బట్టలుతుకుతూ ఆలోచించాడు, అన్నం తింటూ ఆలోచించాడు. తేలలేదు. తేలకపోవడం అతనికి కొత్తగా ఉంది. మైదానంలో అతనికి ఏ విషయమూ అంతసేపు పట్టేది కాదు.

శనివారం పొద్దున తాళాలు తీసుకోవడానికి ముబషిర్ గోదాంకు వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"లోపలికి రా. నీ గోదాంల నువ్వే సిగ్గుపడితె ఎట్ల?" అన్నాడు లచ్చన్న.

ఏ అరలో ఏముందో చూపించాడు. గ్యాస్ సిలిండర్లు పడుకోబెట్టొద్దన్నాడు. చాయ్ తెచ్చే నేపాలీవాడికి చక్కెర తక్కువని ముందే చెప్పాలన్నాడు. చివర్లో తన వంకర వేలు చూపించి, "చిటికెన వేలును పక్క వేలుతోని కలిపి టేపు చుట్టుకో. నాకు ఎవలు జెప్పలే, గిట్లయ్యింది," అన్నాడు.

ముబషిర్ తాళాలు అటూ ఇటూ మార్చి పట్టుకున్నాడు. "అన్నా, బ్యాటుకు తగిలింది."

"నాకు ఇనబడ్డది."

"షంషు భాయ్‌కు జెప్త. తగిలింది, అన్న సరిగ్గనే ఇచ్చిండని."

"చెప్పకు."

"ఎందుకే? నీదే తప్పంటున్నరు అందరు."

"ఇప్పుడేమనుకుంటున్నరు? కుర్చీ కోసం లచ్చన్న దొంగాట ఆడిండు. దొంగోన్నయితే మేడెక్కిస్తరు, గంతే. నువ్వు పొయ్యి తగిలిందన్నవనుకో, తగిలినందుకు సొంతోనికి వేలెత్తిండు, వీనికి పిచ్చి లేసిందంటరు. పిచ్చోన్ని ఇంటికి తోల్తరు." లచ్చన్న కుర్చీ వెనక తగిలించిన తన తువ్వాలు తీసుకొని భుజాన వేసుకున్నాడు. "నాకింకా రెండేండ్లున్నది."

ముబషిర్‌కు నవ్వొచ్చింది గానీ నవ్వవచ్చో కూడదో తెలియలేదు. లచ్చన్నే ముందు నవ్వాడు.

ఆ రోజే అమ్వాజ్ బండి ఎక్కాడు. ఒకప్పటి మట్టి దిబ్బల మీద ఇప్పుడు అద్దాల మేడలు, పడవలు కట్టేసిన కాలువలు, పిల్లల్ని బండ్లలో తోసుకుంటూ నడిచే తల్లులు. లిఫ్టులో పైదాకా వెళ్లొచ్చు, ఆ తర్వాత మిగిలేది ఇనుప నిచ్చెన. మొదటి వారం అరచేతులు రెండుచోట్ల కాలాయి. రెండో వారం గుడ్డ చుట్టుకోవడం నేర్చుకున్నాడు. మోకాళ్లు నిచ్చెన మీద కన్నా మెట్ల మీద ఎక్కువ నొచ్చాయి. స్వర్ణకు చెప్పాడు. ఆమె "నీళ్లు ఎక్కువ తాగు, టోపీ తియ్యకు," అంది. అంతకుమించి అక్కడి నుంచి ఆమె చెయ్యగలిగింది లేదు.

రెండు శుక్రవారాలు టీం పికప్ అతని గది ముందు ఆగకుండా వెళ్లిపోయింది. మూడో శుక్రవారం ఆగింది. హారన్ మోగింది. షంషుద్దీన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎక్కు. ఇద్దరికి ఓవర్‌టైం పడ్డది, మంది తక్కువున్నరు."

లచ్చన్న చొక్కా తొడుక్కుంటూ బయటికి వచ్చాడు. "అంపైరింగ్‌కా భాయ్?"

"నువ్వా? తోబా తోబా! బతికున్నన్ని దినాలు నిన్ను అంపైరింగ్‌కు నిలబెట్ట. లాంగాన్ల నిలబడు."

పికప్ వెనక ఉన్నవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. ఒకడు జరిగి చోటిచ్చాడు.

వికెట్ల వెనక నుంచి చూస్తే ఆటంతా తన మీదికి వస్తున్నట్టుండేది. దూరంగా బౌండరీ దగ్గరున్న లాంగాన్ నుంచి అది ఎక్కడో జరుగుతోంది, చప్పుళ్లు ఆలస్యంగా చేరుతున్నాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నడుం మీద పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. చాలాసేపటికి ఒక బంతి ఇసుకలో దొర్లుతూ తనవైపు వచ్చింది. పరుగెత్తి, మోకాళ్లు వంచకుండా నడుం వంచి అందుకొని, ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. అది వికెట్లకు రెండు బారల దూరంగా పోయింది. ముబషిర్ ఎగిరి, చెయ్యి చాచి, ఎలాగో ఆపాడు.

"అన్నా! చూసి ఇయ్యే, పుణ్యముంటది!" అని అక్కడి నుంచి అరిచాడు.

పంతొమ్మిదేళ్లుగా ఫీల్డర్ల మీద అరవడం తప్ప అరిపించుకోవడం లచ్చన్నకు అలవాటు లేదు. కాస్త ఆలోచించి, సరేనన్నట్టు చెయ్యి ఎత్తి, మళ్లీ తన చోటికి నడిచాడు.